కురవి గెట్ల మీద తేనెటీగల లెక్క

మహబూబాబాద్ నుంచి కురవికి వెళ్లే సుమారు 10 కిలోమీటర్ల దారికి ఇరువైపులా కార్తిక మాసపు నేల ఒకే తీరుగా ఉండదు. ఎర్రచెలకల్లో తొలి ఏరుడుకు వచ్చిన పత్తి, దాని పక్కనే పూత మీదున్న కంది, బోరు నీళ్లు అందే చోట మోకాలు దాటి పెరిగిన మిర్చి, చెరువుల కింద కోతకు సిద్ధమైన వరి, నడుమ నడుమ నాగలి ఎక్కని రాతి దిబ్బల మీద తంగేడు పొదలు కలగలిసి కనిపిస్తాయి. ఈ దారిన వచ్చేవారిలో ఎక్కువమంది వీరభద్రస్వామి దర్శనానికి వస్తారు. ఈ వ్యాసానికి మూలమైన ప్రయాణం మాత్రం ఆ చేలకూ వాటి గెట్లకూ మధ్య తిరిగే, ఎవరూ పెట్టెల్లో పెంచని తేనెటీగలను చూడడానికీ, సేద్యపు నేలలో వాటి వైవిధ్యాన్ని ఏ పద్ధతిన లెక్కిస్తే ఆ లెక్క నిలబడుతుందో తెలుసుకోవడానికీ సాగింది.

తేనెటీగ అనగానే తేనెపట్టు గుర్తుకు రావడం సహజమే అయినా, ప్రపంచంలో ఇంతవరకు పేరు పెట్టిన 20 వేలకు పైగా తేనెటీగ జాతుల్లో తేనెపట్టు పెట్టేవి గుప్పెడు మాత్రమే. మిగిలిన వాటిలో అత్యధికం ఒంటరి తేనెటీగలు. అంటే రాణి, కూలి ఈగలు అనే విభజన లేకుండా ప్రతి ఆడ ఈగా తన గూడును తానే తవ్వుకొని, గదులు కట్టుకొని, ఒక్కో గదిలో పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి, మూత వేసి వెళ్లిపోతుంది. వీటిలో నూటికి డెబ్బై వరకు నేలలోనే గూడు పెడతాయని అంచనా. తేనె ఇవ్వవు, గుంపుగా కనిపించవు, కుట్టడానికి వెంటపడవు కాబట్టి ఇవి మనిషి కంటపడకుండానే బతుకుతాయి. ప్రపంచపు తేనెటీగలను శాస్త్రవేత్తలు 7 కుటుంబాలుగా విభజించగా, ఆస్ట్రేలియాకే పరిమితమైన ఒక కుటుంబం పోను తక్కిన 6 భారతదేశంలో ఉన్నాయి. వాటిని ఒక్కచోట చేర్చి వర్ణించిన తొలి పెద్ద గ్రంథం సి.టి. బింగ్‌హామ్ 1897లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో ప్రచురించిన సంపుటం. నూట పాతికేళ్లు దాటినా భారతీయ పరిశోధకులు ఆ పుస్తకాన్ని ఇప్పటికీ తెరవక తప్పడం లేదు.

కురవి ఊరు చరిత్రకు కొత్తది కాదు. ముదిగొండ చాళుక్యులు ఏలిన కొరవి సీమకు ఇదే కేంద్రం. తెలుగు గద్యానికి తొలినాటి ఆధారాల్లో ఒకటైన కొరవి శాసనం సుమారు వెయ్యేళ్ల కిందట ఇక్కడే రాతికెక్కింది. ఆలయ ప్రాంగణంలో కార్తిక దీపాలు పెట్టే ఆడవాళ్ల వరుసను దాటి బయటికి రాగానే, ఊరి మంచినీళ్ల ట్యాంకు అడుగున పెద్ద తేనెటీగల పట్లు నల్లటి చాపల్లా వేలాడుతూ కనిపించాయి. ఊళ్లో ఎవరిని అడిగినా తేనెటీగలుగా చూపించేవి అవే. ఆ పట్లకు అంతా దూరం పాటిస్తారు, ట్యాంకు కింద పొగ పెట్టవద్దని పిల్లలను హెచ్చరిస్తారు. వెయ్యేళ్ల నాటి మాటను రాతి మీద కాపాడుకున్న ఊరికి, తన చేలలో మొన్నటి ఏడు ఏ ఈగలు తిరిగాయో చెప్పే రాత ఒక్కటీ లేకపోవడం ఆలోచింపజేసే విషయం. ఇది కురవి లోటు కాదు. బ్రిటన్‌లో మాదిరిగా ఊరూరా, ఏటేటా, ఒకే పద్ధతిలో సాగే పరాగసంపర్క కీటకాల లెక్క మన సేద్యభూములకు ఇంకా అలవడలేదు.

ఊరి బయట హోటల్‌లో పొద్దున్నే సర్వపిండి దొరికింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె అడుగున అద్ది, చిల్లులు పెట్టి నూనె వేసి కాల్చే ఈ ఓరుగల్లు ప్రాంతపు వంటకాన్ని కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు మొదటిసారి తిన్నప్పుడు దాని మాడు అంచు కోసం మరొకటి అడుగుతారు. చేతిలో వల, సంచిలో రంగు గిన్నెలు, మెడలో కెమెరా చూసి హోటల్ పెద్దమ్మ అడిగిన ప్రశ్న ఈ ప్రాంతపు ఇటీవలి అనుభవాన్ని తేటగా చెప్పింది: "పంట నష్టం రాయనీకి వచ్చిండ్రా సారూ?" 2024 సెప్టెంబర్ 1న కురిసిన వానకు ఆకేరు పొంగి, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, చేలలో ఇసుక మేటలు వేసిన నాటి నుంచి పుస్తకం పట్టుకొని పొలంలో నడిచేవారెవరైనా నష్టం లెక్కకు వచ్చినవారే అని జనం అనుకోవడంలో వింత లేదు. ఈగలను లెక్కపెట్టడానికి అని చెప్పినప్పుడు ఆమె నవ్వలేదు, వాదించలేదు. మరో గ్లాసు చాయ్ పోసి, వాగు ఒడ్డున నీళ్లు నిలిచిన చెలకల్లో ఆ ఏడు పురుగూ పుట్రా కూడా కనిపించలేదని మాత్రం అన్నది. నేలలో గూడు పెట్టే జాతులకు అన్ని రోజుల నీటి నిలవ ఎంత చేటో ఆ ఒక్క మాటలో ఉంది.

లెక్కపెట్టే పద్ధతుల్లో అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా చవకైనది నడక. ముందే గుర్తు పెట్టుకున్న ఒక గీత వెంబడి, ఒకే వెడల్పులో, ఒకే వేగంతో నడుస్తూ, పువ్వు మీద వాలిన ప్రతి తేనెటీగనూ, అది వాలిన పువ్వునూ రాసుకోవడాన్ని ట్రాన్సెక్ట్ నడక అంటారు. తెలియని ఈగ కనిపిస్తే వలతో పట్టి సీసాలో వేసుకుంటారు. ఈ పద్ధతిలో దాగిన పెద్ద విషయం ఆ గీత ఎక్కడ గీయాలన్నది. కురవి చేలలో పత్తి వరుసల మధ్య ఎంతసేపు నడిచినా కనిపించని వైవిధ్యం, చేను దాటి గెట్టు ఎక్కగానే మొదలైంది. గునుగు చివరి పూత మీద ఉంది; తుమ్మి తెల్లటి పూలు తొడిగి ఉంది; గడ్డిచామంతి ఎండకు విచ్చుకుంది; వెంపలి ఊదా పూలు అక్కడక్కడ మిగిలాయి. పొట్ట మీద మెరిసే నీలి చారలున్న తేనెటీగ ఒకటి తుమ్మి పువ్వు ముందు గాలిలో క్షణకాలం ఆగి, పొడవైన నాలుకను ముందే చాచి, పూరేకు టోపీ కిందికి దూరి, బయటికి వచ్చేసరికి దాని నడినెత్తిన పుప్పొడి బొట్టు అంటుకుంది. ఇంత చిన్న పువ్వు తన పుప్పొడిని ఈగ ఒంటి మీద ఏ చోట పెట్టాలో అంత కచ్చితంగా పెట్టడాన్ని గెట్టు మీద కూర్చుని చూసినవారు, ఆ మొక్కను కలుపు అన్న ఒక్క మాటతో వదిలేయలేరు.

కృష్ణా డెల్టా నుంచి వచ్చినవారికి ఇక్కడి గెట్టు మొదట అలసత్వంలా తోస్తుంది. డెల్టాలో వరిగట్టు సన్నగా, చెక్కినట్టు ఉంటుంది; చాలాచోట్ల దాని మీదనే కంది కూడా వేస్తారు; నేల ఏడాదిలో సగం తడిగానే ఉంటుంది. మానుకోట (మహబూబాబాద్) ప్రాంతపు గెట్టు రాళ్లు ఏరి పోసిన చోటు, మేకలు నడిచే దారి, తంగేడు పొద, చీమల పుట్ట, నాగలి మలుపులో మిగిలిన మట్టి అన్నీ కలిసిన ఎగుడుదిగుడు కట్ట. నీరు నిలవని, గడ్డి పలుచగా ఉన్న ఆ ఎర్రమట్టి వాలులో పెన్సిలు ములుకు పట్టేంత రంధ్రాలూ, వాటి చుట్టూ తవ్విపోసిన మట్టి కుప్పలూ కనిపించాయి. అవి చెమట ఈగలనబడే చిన్న తేనెటీగల గూళ్లు. బతుకమ్మ కోసం గునుగు, తంగేడు కోసే పిల్లలకు ఈ గెట్లు తెలిసినంతగా వ్యవసాయ శాస్త్ర పుస్తకాలకు తెలియవు. గడ్డి మందు వచ్చాక గునుగు కోసం ఊరు దాటి వెళ్లాల్సి వస్తోందని పత్తి ఏరుతున్న ఆడవాళ్లు చెప్పిన మాట, పండుగకు పూలు కరువయ్యాయన్న బాధతో చెప్పినదే అయినా, తేనెటీగల లెక్కకు అంతకన్నా సూటి ఆధారం దొరకడం కష్టం.

నడకకు ఉన్న బలహీనత నడిచేవాడి కన్ను. పెద్దవి, రంగువి, నెమ్మదిగా తిరిగేవి పుస్తకంలోకి ఎక్కువగా ఎక్కుతాయి. మూడు నాలుగు మిల్లీమీటర్ల నల్లటి ఈగ కంటి ముందే వాలి వెళ్లినా నమోదు కాదు. ఆ లోటు తీర్చడానికి వచ్చినవి రంగు గిన్నెలు. అతినీల లోహిత కాంతిని కూడా ప్రతిఫలించే తెలుపు, పసుపు, నీలం రంగులు పూసిన చిన్న గిన్నెల్లో నీళ్లు పోసి, నీటి పైపొర బిగువు విడిపోయేలా రెండు చుక్కల సబ్బు కలిపి చేలో ఉంచితే, పువ్వనుకొని వాలిన ఈగ మునిగిపోతుంది. ఐరోపాలోని అయిదు దేశాల సేద్యభూముల్లో వేర్వేరు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూసి 2008లో వెలువరించిన అధ్యయనం, ఎక్కువ జాతులను పట్టిచ్చేది, పట్టేవాడి నైపుణ్యం మీద ఆధారపడనిది ఈ గిన్నెలేనని తేల్చింది. పశ్చిమ బెంగాల్, ఒడిశా చేలలో కలకత్తా విశ్వవిద్యాలయం పరిశోధకులు కూడా వీటినే వాడారు.

అయినా ఈ పద్ధతిని కురవికి ఉన్నది ఉన్నట్టు తేవడం కుదరదు. పెద్ద తేనెటీగలు, తుమ్మెదలు గిన్నెల్లో అరుదుగా పడతాయి. చుట్టూ పూలు విరగబూసినప్పుడు గిన్నెకు వచ్చేవి తగ్గి, పూలు లేనప్పుడు పెరుగుతాయి కాబట్టి, గిన్నె నిండుగా ఉన్న చేను ఈగలకు మంచి చేను అనుకుంటే తలకిందులైన తీర్పు వస్తుంది. దక్కను ఎండకు నీళ్లు సాయంత్రానికే ఆవిరైపోతాయి, మేకల మందకు ఆ గిన్నె దాహం తీర్చే తొట్టి అవుతుంది, మిర్చి ఎదిగేకొద్దీ గిన్నెను కర్రకు కట్టి పూత ఎత్తుకు లేపాలి. వీటన్నిటికీ మించి ఇది చంపే పద్ధతి. ఒక ఊళ్లో ఒకసారి జాతుల జాబితా తయారు చేయడానికి గిన్నెలు పెట్టడం సమంజసమే; ఏటా ప్రతి వారం పెట్టడం, కాపాడాలనుకున్న దాన్నే చంపుకోవడం అవుతుంది.

మిర్చి తోటలోకి అడుగు పెట్టగానే ఆశ్చర్యం ఎదురైంది: అక్కడ రంగు పన్నులు ముందే ఉన్నాయి. 2021-22 పంటకాలంలో నల్ల తామరపురుగు ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల మిర్చిని ఊడ్చేసిన తరువాత, నీలి రంగు జిగురు అట్టలు ప్రతి తోటలోనూ కర్రలకు వేలాడడం మామూలైంది. తామరపురుగు నీలానికి వస్తుందన్నది వాటి వెనుక సూత్రం. చాలా తేనెటీగలూ నీలానికే వస్తాయి. ఒక అట్టను దగ్గరగా చూస్తే, ఆవాలు చల్లినట్టున్న తామరపురుగుల మధ్య చెమట ఈగ ఒకటి పక్కకు ఒరిగి అంటుకొని ఉంది. వెనుక కాలి వెంట్రుకల్లో మిర్చి పుప్పొడి ఇంకా తడి ఆరలేదు. తోట యజమాని దాన్ని అప్పటిదాకా మామూలు ఈగ అనే అనుకున్నాడు. కిందికి తలవంచిన తెల్లటి మిర్చి పువ్వును పట్టుకొని, తలకిందులుగా వేలాడుతూ, ఊదా రంగు కేసరాల నుంచి పుప్పొడి దువ్వుకునేది ఇదేనని చూపించినప్పుడు ఆయన చాలాసేపు అట్ట వైపే చూసి, "పూత మీద అట్ట జర దూరం జరపాల్నా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. రైతు పురుగును పట్టడానికి పెట్టిన అట్ట తేనెటీగలకు ఎంత నష్టమో కొలవవలసిన అవసరం మొదటిది. రెండవది ఇంకా ముఖ్యమైనది: వేల ఎకరాల్లో, నెలల తరబడి, రైతుల ఖర్చుతో ఇప్పటికే వేలాడుతున్న ఈ అట్టలను పారేసేముందు ఒక్కసారి చదివితే, అదనంగా ఒక్క ఈగనూ చంపకుండానే నమూనా దొరుకుతుంది. అట్ట మారిన తేదీ, తోట, మందు కొట్టిన రోజు రాసి పెట్టుకుంటే చాలు. జిగురులో పడిన ఈగ జాతిని తేల్చడం కష్టమే గానీ, ఎన్ని, ఏ వారంలో, ఏ పరిమాణంలోవి అన్నది చెప్పవచ్చు. కొత్త పనిముట్లు కొనడానికి ముందు చేలో ఉన్నవాటిని చూడాలన్న ఆలోచన ఈ ప్రయాణంలో ఇక్కడే బలపడింది.

మధ్యాహ్నం ఒక తండాలో జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు, చిక్కటి పప్పు పెట్టారు. అతిథి తినడం పూర్తయ్యేదాకా ఇంటి పెద్ద గడప మీదే కూర్చుని, మాట కలపకుండా, రొట్టె అయిపోతుందనగా లోపలికి సైగ చేసే మర్యాద అక్కడిది. తిన్నాక మాటలు మొదలైనప్పుడు, మిర్చి ఏరే పనికి వెళ్లే ఆడవాళ్లు ఏ ఈగ ఎప్పుడు వస్తుందో వరుసగా చెప్పారు: మంచు ఆరకముందు ఏవీ రావు, ఎండ మెడ మీద పడ్డాక చిన్నవి వస్తాయి, నల్ల తుమ్మెద పొద్దెక్కినా మానదు, మందు కొట్టిన చేలో రెండు మూడు రోజులు చప్పుడే ఉండదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఎ.జె. సాల్మన్ రాజు తూర్పు కనుమల మొక్కల పక్కన తెల్లవారు మొదలు పొద్దుగూకేదాకా కూర్చుని, ఏ గంటకు ఏ కీటకం వచ్చిందో రాసి పరాగసంపర్క శాస్త్రానికి తెలుగు నేల నుంచి గట్టి పునాది వేశారు. ఆ విజ్ఞానానికి మూలం ఒక్కచోట ఓపికగా నిలబడి చూడడం. చేలలో రోజంతా వంగి పనిచేసే ఆడవాళ్లకు ఆ ఓపిక పనిలోనే ఉంది. రాసే పుస్తకం మాత్రం వారి చేతికి ఎవరూ ఇవ్వలేదు.

అటువంటి పుస్తకం ఎలా ఉండవచ్చో చెప్పడానికి 2017లో బ్రిటన్‌లో మొదలైన పరాగసంపర్క కీటకాల పరిశీలన పథకం పనికివస్తుంది. అందులో సామాన్యులు అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు గల పూల మడి ముందు 10 నిమిషాలు కూర్చుని, వచ్చిన కీటకాలను జాతులుగా కాక గుంపులుగా లెక్కపెడతారు. కురవిలో ఆ గుంపులను స్థానికంగా నిర్ణయించుకోవచ్చు: పెద్ద తేనెటీగ, చిన్న తేనెటీగలు, నల్ల తుమ్మెద, నీలిచారల ఈగ, పొట్ట కింద పుప్పొడి మోసే ఈగ, మెరుపు పచ్చ ఈగ, తక్కిన సన్నవి. మడికి గునుగో తుమ్మో తంగేడో చాలు. అక్కడి ప్రజలు చలి, మబ్బు చూసుకొని లెక్కకు కూర్చుంటే ఇక్కడ ఎండకు ముందే ముగించాలి. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు లోపు లెక్క కావాలి; ఆ వేళ దాటితే చాలా ఈగలు గూళ్లకు చేరతాయి.

పొట్ట కింద పుప్పొడి మోసే ఈగను చూడడానికి కంది చేను కన్నా మంచి చోటు లేదు. ఇవి ఆకు కత్తిరించే తేనెటీగలు. తక్కిన తేనెటీగలు వెనుక కాళ్లకు పుప్పొడి దట్టిస్తే ఇవి పొట్ట అడుగున ఉన్న దట్టమైన వెంట్రుకల్లో నింపుకుంటాయి. కంది పువ్వులో కేసరాలు కింది రెండు రేకుల ఒరలో మూసి ఉంటాయి. ఈగ వాలి బరువు వేసినప్పుడు ఒర కిందికి జారి, కేసరాలు పైకి లేచి, నేరుగా దాని పొట్టకు తగులుతాయి. ఆ పని చేయగలిగిన బలం ఉన్నవి ఇవీ, తుమ్మెదలూ, పెద్ద తేనెటీగలూ. పువ్వు నుంచి లేచిన ఈగ పొట్ట పసుపు అద్దినట్టు కనిపించింది. కొద్దిసేపటికే దాని తోటి ఈగ ఒకటి కంది ఆకు అంచుకు వాలి, దవడలతో గుండ్రంగా చుట్టి కోసి, ఆ ముక్కను కాళ్ల నడుమ చుట్టలా పట్టుకొని ఎగిరిపోయింది. చేనంతా ఆకుల అంచుల్లో మిగిలిన ఆ గుండ్రటి కోతలు లెక్కకు వస్తాయి. ఈగ కనిపించకపోయినా దాని ఉనికికి అవి సాక్ష్యం.

కంది ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది, అయినా సుమారు 20 శాతం వరకు పరపరాగసంపర్కం జరుగుతుందని అంచనా. ఈ గుణం మీదనే హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ సంకర కందికి బాట వేసింది. ఐసీపీహెచ్ 2671 అనే సంకరం 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. సంకర విత్తనం తీయడానికి పుప్పొడి లేని ఆడ వరుసల పక్కన పుప్పొడి ఉన్న మగ వరుసలు నాటుతారు. ఆడ మొక్కకు గాలి సాయం చేయదు, మనిషి చేయలేడు. తేనెటీగ తెచ్చినంతే కాయ. ఇందులో తేనెటీగల లెక్కకు అపురూపమైన పద్ధతి దాగి ఉంది. పుప్పొడి లేని కంది మొక్కలను కొన్నింటిని వేర్వేరు ఊళ్ల గెట్ల మీద నాటి, చివర కాయలు లెక్కపెడితే, ఆ పంటకాలమంతా వచ్చిపోయిన ఈగల పనిని మొక్కే రాసి పెడుతుంది. ఈగను పట్టడం, చంపడం, పేరు తేల్చడం ఏదీ అవసరం లేదు. జాతి వైవిధ్యాన్ని ఇది చెప్పదు, పుప్పొడి ఉన్న మగ వరుస దగ్గరలో ఉండాలన్న షరతు కూడా ఉంది. అయినా రైతుకు అర్థమయ్యే కొలత ఇది ఒక్కటే. 41 పంటల వ్యవస్థల మీద 2013లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం, పెంపుడు తేనెటీగలు ఎన్ని ఉన్నా అడవి పరాగసంపర్క కీటకాలు వచ్చిన చోట కాయకట్టు పెరిగిందని తేల్చింది. పెట్టెలు తెచ్చి పెట్టడం వీటి లోటు తీర్చదని రైతుకు చెప్పాలంటే, పట్టిక కన్నా కాయ ఎక్కువ పనిచేస్తుంది.

తంగేడు, వంకాయ పూల దగ్గర ఇదే విషయం చెవికి వినిపిస్తుంది. వీటి కేసరాలు పక్కకు చీలవు; కొసన సన్నటి రంధ్రం ఉంటుంది. తుమ్మెద, నీలిచారల ఈగ ఆ కేసరాన్ని కౌగిలించుకొని, రెక్కలు ఆడించకుండా ఎగిరే కండరాలను మాత్రమే అదిరిస్తే పుప్పొడి పొడిలా రాలుతుంది. తేనెపట్టు పెట్టే ఈగలకు ఈ విద్య రాదు. మామూలు ఎగురుడు చప్పుడు కన్నా పై స్థాయిలో వినిపించే ఆ ఝుంకారాన్ని చిన్న మైకులతో పట్టి, పౌనఃపున్యాన్ని బట్టి ఈగలను గుర్తించే ప్రయత్నాలు ప్రపంచంలో పలుచోట్ల సాగుతున్నాయి. రాష్ట్ర పుష్పమైన తంగేడులో తేనె ఉండదు, పుప్పొడి ఒక్కటే ఉంటుంది. ఆ పొద దగ్గర వినిపించే ప్రతి ఝుంకారమూ అందుకే పుప్పొడి కోసమే.

సాయంత్రానికి ఊళ్లోకి తిరిగి వస్తుంటే, పశువుల కొట్టం వాసంలో తుమ్మెద తొలిచిన గుండ్రటి రంధ్రమూ, దాని కింద నేల మీద రంపపు పొట్టూ కనిపించాయి. కర్రలో, బోలు కాడల్లో గూడు పెట్టే జాతుల కోసం వెదురు, రెల్లు ముక్కలను కట్టగా కట్టి వేలాడదీసే పద్ధతి ఒకటుంది. ఒక వైపు మూసిన, 3 నుంచి 12 మిల్లీమీటర్ల బోలు ఉన్న ముక్కల్లో ఈగలు గదులు కడతాయి. చీల్చి చూస్తే ఆకు ముక్కలతో కట్టినవెవరివో, బంకతో మూసినవెవరివో, ఎన్ని పిల్లలు బయటపడ్డాయో, ఎన్నింటిని పరాన్నజీవులు తిన్నాయో తెలుస్తుంది. ఈగల కుటుంబ జీవితాన్ని చూపే పద్ధతి ఇదొక్కటే గనుక బడి పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రయోగం ఉండదు. నేలలో గూడు పెట్టే అధిక సంఖ్యాకులు మాత్రం ఈ కట్టకు రావు. వాటి కోసం గెట్టు మీద చిన్న గుడారపు వల పరిచి, మట్టి లోంచి పైకి వచ్చేవాటిని పట్టాల్సిందే.

పట్టిన ఈగకు పేరు పెట్టడం ఈ విద్యలో అన్నిటికన్నా ఇరుకైన దారి. రెక్క ఈనెల వంపు, ముఖం మీది గుంటలు, మగ ఈగ జననాంగపు ఆకారం సూక్ష్మదర్శిని కింద చూడాలి; అది చూడగలిగినవారు దేశంలో చాలా తక్కువమంది. 2003లో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన డీఎన్‌ఏ బార్‌కోడింగ్, అంటే ఒక నిర్దిష్ట జన్యువులోని 658 అక్షరాల వరుసను చదివి జాతిని గుర్తించడం, ఈ ఇరుకును కొంత తీర్చగలదు. కానీ పోల్చి చూడడానికి పేరు తేలిన నమూనా ముందే ఉండాలి. పేరు తేల్చేవారు లేకుండా యంత్రం ఒక్కటే ఉంటే, వరుసలు పోగవుతాయి గానీ జాతులు తెలియవు. అందువల్ల కురవిలో పట్టిన ప్రతి ఈగకూ స్థలం, తేదీ, పువ్వు పేరు రాసిన చీటీ గుచ్చి భద్రపరచడం, ఈనాడు పేరు తేలకపోయినా తరువాతి తరాలకు చేసే మేలు.

కనిపించనివి ఎన్ని ఉన్నాయో అంచనా కట్టడానికి ఆన్ చావో 1984లో ఇచ్చిన సూత్రం అందరికీ అందేది. ఒక గెట్టు మీద 20 జాతులు దొరికి, వాటిలో 8 ఒక్కొక్క ఈగగానే, 4 రెండేసి ఈగలుగానే కనిపించాయనుకుందాం. ఒక్కసారి కనిపించిన వాటి వర్గాన్ని రెండుసార్లు కనిపించిన వాటి రెట్టింపుతో భాగిస్తే 64ను 8తో భాగించినట్టు, 8 వస్తుంది. అంటే ఇంకా కనీసం 8 జాతులు కంటపడలేదు, ఆ గెట్టు మీద కనీసం 28 ఉండవచ్చు. ఒంటిగా కనిపించేవి ఎన్ని ఎక్కువైతే చూడవలసింది అంత మిగిలి ఉన్నట్టు. ఒక్క రోజు చూసి ఈ చేలో ఇన్నే జాతులున్నాయని చెప్పేవారి మాట నమ్మకూడదని ఈ చిన్న లెక్క నేర్పుతుంది.

రెండవ రోజు దారి గుండ్రాతిమడుగు మీదుగా డోర్నకల్ వైపు సాగింది. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గం ఇక్కడ పొలాల మధ్య ఎత్తైన కట్ట మీద నడుస్తుంది. నాగలి తగలని ఆ కట్ట వాలు, దాని వెంట జిల్లేడు, వయ్యారిభామ, తంగేడు, వర్షాకాలపు నీళ్లు ఇంకిన గుంటలు, పక్కనే మిర్చి తోటలు చూసినప్పుడు, ఈ ప్రాంతంలో ఏళ్ల తరబడి లెక్క సాగించడానికి సరైన గీత ఇదేనని అనిపించింది. జిల్లేడు పూల మీద తుమ్మెదలు ఆగకుండా తిరుగుతున్నాయి, వాటి కాళ్లకు ఆ పువ్వు పుప్పొడి సంచులు జంటలుగా అంటుకొని ఉన్నాయి. వంద అడుగుల దూరంలో మిర్చి తోటకు మందు కొడుతున్న కూలీ ముక్కుకు గుడ్డ కట్టుకొని నడుస్తున్నాడు. సాయంత్రం నాలుగు దాటాక కొట్టమంటే కైకిలి మళ్లీ దొరకదని రైతు ఇచ్చిన జవాబులో నిజం ఉంది. ఈగలు ఎక్కువగా తిరిగే గంటలు, కూలీ దొరికే గంటలు ఒకటే కావడం ఇక్కడి అసలు చిక్కు. లెక్క ఉంటేనే ఆ చిక్కు ఎంతటిదో తేలుతుంది.

జర్మనీలోని క్రెఫెల్డ్ పట్టణంలో 1905 నుంచి ఉన్న కీటక ప్రియుల సంఘం, జీతాలు లేని సభ్యులతో, ఒకే రకపు గుడారపు వలలను 27 ఏళ్ల పాటు 63 చోట్ల పెట్టి, ఎగిరే కీటకాల మొత్తం బరువు నాలుగింట మూడు వంతులు పడిపోయిందని చూపిన లెక్కే 2017లో ప్రపంచాన్ని కదిలించింది. ఆ వలలు ఉన్నవి రక్షిత ప్రాంతాలు, వాటి చుట్టూ ఉన్నవి పంటచేలు. వారి బలం పరికరాల్లో లేదు. ఒకే వలను, ఒకే తీరున, విడవకుండా పెట్టడంలో ఉంది. కురవిలో అటువంటి లెక్కకు కావలసినవి అన్నీ విడివిడిగా ఉన్నాయి: ఏటా చూసే ఆడవాళ్లు, నీలి అట్టలు, కంది చేను, రైలు కట్ట, గునుగు పూచే గెట్లు, మానుకోటలో జీవశాస్త్రం చదివే విద్యార్థులు. ట్రాన్సెక్ట్ గీతను ఈ గెట్లు, ఈ కట్ట వెంబడే గీయాలి. పూల మడి లెక్క బతుకమ్మ ముందు వారం మొదలై మిర్చి పూత ముగిసే దాకా వారానికి ఒకసారి సాగాలి. గిన్నెలు మొదటి ఏడాది ఒక్కసారి పెట్టి జాతుల జాబితా తయారయ్యాక పక్కన పెట్టాలి. పుప్పొడి లేని కంది మొక్కలు ఊరికి ఒక గెట్టు మీద నిలవాలి. వీటిలో మొదట మొదలుపెట్టవలసింది వారం వారం లెక్కే, ఎందుకంటే దానికి కావలసినవి ఒక పుస్తకం, ఒక గడియారం, గడ్డి మందు పడని అర మీటరు పూల మడి మాత్రమే.